కాచిగూడ స్టేషను, ఐదు రూపాయల రైలు

కర్నూలు, గద్వాల, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి హైదరాబాదు అంటే ముందు కాచిగూడే. మా నాన్నగారి కంటి చికిత్స కోసం ఈమధ్య వచ్చినప్పుడు బంధువుల ఇంటికి వెళ్లకుండా ఆ స్టేషను దగ్గరే బస చేశాం. నగరంలో తిరగాల్సిన పనులను వీలైనంతవరకు ఎంఎంటీఎస్ అనే నగర లోకల్ రైళ్లలోనే చక్కబెట్టుకున్నాం. డెబ్బై దాటిన మనిషిని వెంటబెట్టుకుని తిరిగినప్పుడు స్టేషన్ల మంచిచెడ్డలు బాగా తెలుస్తాయి. ఎక్కాల్సిన మెట్లెన్ని, కూర్చోవడానికి బల్ల ఉందా, మరుగుదొడ్డి ఎంత దూరం, రైలు దిగాక ఎంత నడవాలి అన్నవే అప్పుడు ముఖ్యమవుతాయి. ఆ లెక్కన చూస్తే కాచిగూడకు నేను మంచి మార్కులే వేస్తాను. అక్కడి నుంచి నడిచే లోకల్ రైళ్ల గురించి మాత్రం కొంత సంతోషం, కొంత బాధ రెండూ ఉన్నాయి.

ముందు భవనం సంగతి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1916లో కట్టిన స్టేషను ఇది. మధ్యలో పెద్ద గుమ్మటం, రెండు పక్కలా చిన్న గుమ్మటాలు, వాటిని అంటిపెట్టుకుని మినార్లు. దూరం నుంచి చూసినవాళ్లు ఏ నవాబుగారి దేవిడీయో, అంటే మహలో అనుకుంటారు. 1908 మూసీ వరద నగరాన్ని ఊడ్చేసిన తరువాత హైదరాబాదును కొత్తగా కట్టుకునే పని మొదలైంది. ఆ రోజుల్లో, 1914లో, ఇక్కడికి వచ్చిన ఆంగ్లేయ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేతి పని ఇది. ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ కూడా ఆయన గీసినవే. వాటి పక్కన పెట్టి చూస్తే ఆ గుమ్మటాల పోలిక ఇట్టే తెలిసిపోతుంది. నిజాం రైల్వేకు ప్రధాన కార్యాలయంగా ఉన్న చోటు కాబట్టి కట్టడంలో ఆ దర్జా సహజమే. వందేళ్లు దాటిన ఈ భవనంలో ఇప్పటికీ టికెట్లు అమ్ముతున్నారు, జనం ఇప్పటికీ దీని నీడలోనే బండి కోసం ఎదురుచూస్తున్నారు. తాళం వేసి కాపాడే కట్టడాల కంటే ఇలా వాడుకలో ఉంటూ బతికే కట్టడాలంటేనే నాకు ఎక్కువ ఇష్టం.

ఈ స్టేషను ఇక్కడే ఎందుకు వచ్చిందో తెలియాలంటే పట్టాల చరిత్ర కొంచెం చూడాలి. నిజాం రాజ్యంలో మొదటి రైలుమార్గం 1874లో, ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు వచ్చింది. 1889 నాటికి అది బెజవాడ దాకా సాగింది. రెండూ వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజే. నాంపల్లిలో స్టేషను 1907లో కట్టారు. దక్షిణాన పాలమూరు వైపు మాత్రం రైలు అప్పటికి లేదు. సికింద్రాబాదు నుంచి గద్వాల వైపు ఇరుకు పట్టాల మీటర్‌గేజ్ మార్గం వేసినప్పుడు, ఆ దారిలో నగరానికి ముఖద్వారంగా 1916లో కాచిగూడ నిలిచింది. ఆ తరువాత ఆ పట్టాలు కర్నూలు మీదుగా ద్రోణాచలం (డోన్) దాకా వెళ్లి రాయలసీమను కలిపాయి. మా వైపువాళ్లకు కాచిగూడతో ఉన్న చనువు అక్కడిదే.

మీటర్‌గేజ్ బండి గురించి నాన్నగారు ప్లాట్‌ఫారం మీద కూర్చుని చాలాసేపు చెప్పారు. ఇరుకు పెట్టెలు, బొగ్గు నుసి, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లలో పడే రవ్వలు. పెళ్లికో పరీక్షకో హైదరాబాదు రావాలంటే రాత్రంతా ఆ బండిలోనే. 1990ల్లో ఈ మార్గాన్ని బ్రాడ్‌గేజ్‌గా మార్చాక దూరం సగమైపోయినట్టే అనిపించిందని ఆయన అంటారు. నిజాం రైల్వే 1951లో కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లడం, 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడడం చరిత్రలో పెద్ద ఘట్టాలే కావచ్చు. ప్రయాణికుడికి గుర్తుండేది మాత్రం బండి వెడల్పు పెరిగిన రోజే.

ఇక సౌకర్యాలు. ఇంత పెద్ద స్టేషనయినా కాచిగూడలో సికింద్రాబాదులో ఉండే తొక్కిసలాట ఉండదు. ప్రధాన భవనం దాటగానే ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వచ్చేస్తుంది. వంతెన ఎక్కలేనివారికి లిఫ్టు, ఎస్కలేటరు ఉన్నాయి. మేము ఉన్నన్నాళ్లూ ప్లాట్‌ఫారాలు శుభ్రంగానే కనిపించాయి. వృద్ధులను ఒక బల్ల మీద కూర్చోబెట్టి టికెట్ తెచ్చుకునేంత నిదానం ఈ స్టేషనులో ఇంకా మిగిలి ఉంది. తిరుపతి మీదుగా చిత్తూరు వెళ్లే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఇక్కడి నుంచే బయలుదేరుతుంది. 2023 సెప్టెంబరు 24న మొదలైన యశ్వంత్‌పూర్ వందేభారత్ కూడా అంతే. ఆ బండ్ల వేళల్లో సందడి పెరుగుతుంది, అవి కదలగానే మళ్లీ సద్దుమణుగుతుంది.

బస విషయంలో ఒక సంగతి ముందే తెలుసుకుని రండి. స్టేషన్లలోని విశ్రాంతి గదులు ఆన్‌లైన్‌లో కొన్ని గంటలకైనా దొరుకుతాయి, రెండు రోజులకైనా దొరుకుతాయి. అయితే ఖరారైన టికెట్‌గానీ ఆర్‌ఏసీ (ప్రయాణం ఖాయమై, పూర్తి బెర్తు ఇంకా ఖాయం కాని) టికెట్‌గానీ ఉండి, దాని పీఎన్ఆర్ నంబరు ఇస్తేనే గది ఇస్తారు. లోకల్ టికెట్ మీద గది రాదు. ఆసుపత్రి పనికి వచ్చినవాళ్లకు రెండు రోజులు చాలవు కాబట్టి మేము బయట లాడ్జి చూసుకున్నాం. స్టేషను రోడ్డులో లాడ్జీలకు కొదవ లేదు. మాకు దొరికిన గదిలో మంచాలు, దుప్పట్లు బాగానే ఉన్నాయి, ఉదయం ఎనిమిది దాటితే కుళాయిలో నీళ్లు ఆగిపోయేవి. కంటికి ఆపరేషన్ అయిన మనిషికి శుభ్రమైన నీళ్లు ఎంత అవసరమో చెప్పాల్సిన పని లేదు. ఆ సంగతి చెబితే కౌంటరులోని మనిషి బకెట్ పంపిస్తానన్నాడే తప్ప మోటారు సంగతి చూడలేదు. గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూడండి, నీళ్లు ఏ వేళల్లో వస్తాయో అడగండి. ఎదురుగా రోడ్డు మీదికి ఉన్న గదుల్లో హారన్ల మోత ఎక్కువ, వెనకవైపు గది అడిగితే రాత్రి నిద్ర పడుతుంది. తిండికి మాత్రం లోటు లేదు. పొద్దున్నే ఇడ్లీ బండ్లు, సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. బర్కత్‌పురా వైపు నాలుగు అడుగులు వేస్తే ఇంటి వంట లాంటి భోజనం కూడా దొరుకుతుంది.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రైల్వే శాఖ కలిసి ఖర్చు పెట్టుకున్నాయి. కొత్తగా మార్గాలు వేయకుండా ఊళ్లో అప్పటికే ఉన్న పట్టాల మీదనే లోకల్ రైళ్లు నడపాలన్నది ఆలోచన. చక్కటి ఆలోచన అని ఇప్పటికీ అనుకుంటాను. మొదటి దశలో ఫలక్‌నుమా, సికింద్రాబాదు, నాంపల్లి, లింగంపల్లి కలిశాయి. కనీస చార్జీ ఐదు రూపాయలు. ఆ డబ్బుకు ఈరోజుల్లో చాయ్ కూడా రాదు. స్టేషనులోని యంత్రంలో గానీ ఫోనులో గానీ టికెట్ తీసుకోవచ్చు, రోజూ తిరిగేవాళ్లకు నెలవారీ సీజన్ టికెట్ మరీ చవక. మొదటి తరగతి చార్జీలను 2022 మే నెలలో సగం దాకా తగ్గించారు. వృద్ధులతో వెళ్లేవాళ్లు రద్దీ వేళల్లో ఆ పెట్టె చూసుకోవడం మంచిది. మహిళలకు వేరే పెట్టెలున్నాయి.

మా ఆసుపత్రి బేగంపేట వైపు. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి వెళ్లే బండి కాచిగూడలో ఎక్కితే మారకుండా బేగంపేటలో దిగొచ్చు. విద్యానగర్ దాటాక జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు వస్తాయి. కాలేజీ పిల్లలు గుంపులుగా ఎక్కి దిగే చోట్లవి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని చూడాలనుకునేవాళ్లు ఇక్కడ దిగి చెట్ల నీడన నడిచి వెళ్లొచ్చు, ఒక పూట కేటాయించదగిన చోటు. సీతాఫల్‌మండి దాటితే సికింద్రాబాదు. అక్కడ పెట్టె సగం ఖాళీ అవుతుంది, అంతకు రెట్టింపు జనం ఎక్కుతారు. నిలబడ్డ నాన్నగారిని చూసి ఒక కుర్రాడు వెంటనే లేచి చోటిచ్చాడు. లోకల్ రైల్లో ఇలాంటి మర్యాద ఎక్కువగా కనిపించింది, మనసుకు బాగుంది.

బేగంపేట స్టేషనును స్టేషన్లను ఆధునికీకరించే అమృత్ భారత్ పథకం కింద బాగు చేసి 2025 మే 22న ప్రారంభించారు. స్టేషను నిర్వహణ అంతా మహిళా సిబ్బందిదే. చిన్న స్టేషనే, కానీ ప్రవేశం, దారి చూపే బోర్డులు, కూర్చునే చోటు అన్నీ ప్రయాణికుడిని దృష్టిలో పెట్టుకుని చేసినట్టున్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఈ దారిలో నేను మొదట సూచించేది బేగంపేటే. మెట్రో స్టేషను కూడా దగ్గరలోనే ఉంది. హైటెక్ సిటీ స్టేషను సంగతి వేరు. పేరు చూసి దిగితే ఆఫీసులు నడిచేంత దగ్గరలో ఉండవు, మళ్లీ ఆటోనో బస్సో పట్టుకోవాలి. లింగంపల్లి ఆ చివర. అక్కడి నుంచి పటాన్‌చెరు వైపు బస్సులు తేలికగా దొరుకుతాయి.

నాన్నగారు విశ్రాంతి తీసుకుంటున్న ఒక మధ్యాహ్నం నేనొక్కణ్ణే దక్షిణం వైపు వెళ్లాను. కాచిగూడ దాటగానే మూసీ వంతెన. నది ఉన్న స్థితి చూస్తే బాధ కలుగుతుంది, కిటికీ మూయకుండా కూర్చోలేం. మలక్‌పేటలో మెట్రో పక్కనే ఉండడం పెద్ద వెసులుబాటు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వెళ్లేవాళ్లు ఇక్కడ మారిపోవచ్చు. ఆ తరువాత డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. పాతబస్తీ లోపలికి మెట్రో ఇంకా రాలేదు కాబట్టి ఇక్కడివాళ్లకు ఈ రైలే ఆధారం. చార్మినార్ చూడాలనుకునేవాళ్లు యాకుత్‌పురాలో దిగి ఆటో ఎక్కడం మేలు, చార్జీ ముందే మాట్లాడుకోండి. 2023 ఏప్రిల్ 8న రెండో దశ సర్వీసులు మొదలయ్యాక ఈ మార్గం ఉందానగర్ దాకా పెరిగింది. అటు ఉత్తరాన మేడ్చల్‌కూ ఆ రోజే రైలు వెళ్లింది. ఉందానగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం ఎంతో దూరం లేదు. ఆ కొద్ది దూరానికి రైలు వేళలతో కలిసేలా బస్సు నడిపితే విమానాశ్రయ ప్రయాణం సామాన్యుడికి కూడా అందుబాటులోకి వస్తుంది.

బాధ అన్నది రైళ్ల సంఖ్య గురించి. కోవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి. 2020 మార్చిలో ఆగిపోయి, పదిహేను నెలల తరువాత 2021 జూన్ 23న మళ్లీ మొదలైనప్పుడు పదితోనే మొదలుపెట్టారు. ఆ తరువాత పెంచుతూ వచ్చారు గానీ పాత జోరు రాలేదు. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో పనికొచ్చే రైలు మధ్యాహ్నం వేళ పనికిరాదు. ఒకటి తప్పిపోతే తరువాతిది ఎప్పుడో అని లెక్కలు వేసుకోవాలి. ఇవే పట్టాల మీద దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు కూడా నడుస్తాయి కాబట్టి లోకల్‌ను పక్కన నిలపడం తరచు జరుగుతుంది. మెట్రోకు సొంత పట్టాలున్నాయి, నిమిషాల్లో మరొకటి వస్తుంది. చార్జీ మాత్రం చాలా ఎక్కువ. రోజుకు నాలుగైదు వందలు సంపాదించే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. యాకుత్‌పురా నుంచి సికింద్రాబాదు దుకాణాల్లో పనికి వెళ్లేవాళ్లతో మాట్లాడాను. బండి వేళలు నమ్మకంగా ఉంటే చాలు, ఇంకేమీ అడగం అన్నారు. నగర శివారులోని చర్లపల్లిలో 2025 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు. కొన్ని దూరప్రాంత బండ్లు అటు మళ్లితే నగరం లోపలి పట్టాల మీద కాస్త చోటు దొరుకుతుంది. ఆ చోటును లోకల్ రైళ్లకే ఇవ్వాలని నా కోరిక. గంటలో రెండు బండ్లు, వేళ తప్పకుండా నడిస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

బస ఎక్కడ పెట్టుకోవాలని అడిగేవాళ్లకు నా మాట ఇది. పనులు బేగంపేట, సికింద్రాబాదు, విశ్వవిద్యాలయం, పాతబస్తీ వైపు ఉంటే కాచిగూడ బాగుంటుంది. అమీర్‌పేట, హైటెక్ సిటీల్లో రోజంతా తిరగాల్సి ఉంటే మెట్రో దగ్గర గది చూసుకోండి, ఎందుకంటే కాచిగూడకు మెట్రో లేదు, నారాయణగూడ దాకా ఆటోలో వెళ్లాలి. స్టేషను బయట ఆటోలు మొదట అడిగే ధర వినకండి. ప్రధాన రోడ్డు దాకా నడిచి వస్తే సగానికి వస్తారు, సిటీ బస్సులూ అక్కడే ఆగుతాయి. బయలుదేరే ముందు ఆ పూట నడిచే లోకల్ రైళ్ల వేళలు రాసుకుని జేబులో పెట్టుకోండి. సాయంత్రం చివరి బండి మీద ఆధారపడొద్దు. మా నాన్నగారిని రెండో కంటి ఆపరేషన్‌కు మళ్లీ తీసుకురావాలి. అప్పుడూ కాచిగూడలోనే దిగుతాం, లాడ్జి మాత్రం మారుస్తాం.