వంపుల దారి ఆప్షన్: ఘాట్‌ల కంటే కొండ కింద రోడ్లకే పనికొచ్చింది

విశాఖ, అనకాపల్లి వైపు బండి నడిపేవాళ్లకి అరకు ఘాట్‌నో పాడేరు ఘాట్‌నో ఆప్ చూపించక్కర్లేదు. ఆదివారం పొద్దున్న ఎస్‌.కోట దాటి బొడ్డవర చేరితే, ముందు వెళ్తున్న బళ్ల వరసే దారి చెబుతుంది. అందుకని బైకుల రూట్ ఆప్‌లో ఉండే, తిన్నని రోడ్డు వదిలి మలుపులున్న దారి వెతికిపెట్టే ‘వంపులెక్కువ’ ఆప్షన్‌ని ఘాట్‌ల మీద పెట్టి చూస్తే దానికి మార్కులు పడవు. దాని విలువంతా కొండ కిందే ఉంది. తాటిపూడి, రైవాడ, కోనాం, కళ్యాణపులోవ, తాండవ. తూర్పు కనుమల మొదట్లో ఈ రిజర్వాయర్లు వరసగా ఉన్నాయి. వాటిని కలుపుతూ వేపాడ, దేవరాపల్లి, చీడికాడ, మాడుగుల, రావికమతం, రోలుగుంటల మీదుగా పల్లె రోడ్లు పోతాయి. ఎస్‌.కోట నుంచి నర్సీపట్నం వైపు వెళ్తుంటే కుడిపక్క కొండ వదలదు, ఎడమపక్క చెరకూ వరీ, మధ్యమధ్యలో జీడిమామిడి తోటలు. మామూలు మ్యాప్‌ని అడిగితే ఈ దారి ససేమిరా ఇవ్వదు. తొందరగా చేర్చడమే దాని పని కాబట్టి, కిందకి దింపి చోడవరం పెద్ద రోడ్డు ఎక్కిస్తుంది.

మరి ఈ ఆప్షన్‌కి ఆ దారులు ఎలా దొరికాయి? అందం చూసి కాదు. ఇలాంటి ఆప్‌లు ఎక్కువగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, జనమే గీసి నింపే ఉచిత మ్యాప్ డేటా మీద నడుస్తాయి. అందులో రోడ్డంటే వరసగా పెట్టిన చుక్కలు. పక్కపక్కనున్న మూడేసి చుక్కల మీదుగా ఒక వృత్తం గీసి, దాని వ్యాసార్థాన్ని బట్టి వంపు ఎంత బిగువో లెక్కేస్తారు. ఈ పని చేసే కర్వేచర్ అనే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్‌లో లెక్క ఇలా ఉంటుంది: వ్యాసార్థం 30 మీటర్ల లోపుంటే ఆ ముక్క పొడవుని రెండుతో గుణిస్తారు, 60 లోపైతే 1.6తో, 100 లోపైతే 1.3తో, 175 లోపైతే ఒకటితో. అంతకు మించితే తిన్నని రోడ్డు కిందే లెక్క, సున్నా. ఒక్కో ఆప్ అంకెలు వేరుగా ఉండొచ్చు గానీ పద్ధతి దాదాపు ఇదే.

ఇక్కడే తమాషా. కొండ కింద పల్లె రోడ్లు చాలావరకు కాలువ గట్లనీ చెరువు గట్లనీ పొలం హద్దుల్నీ పట్టుకుని పోతాయి. గట్టు తిరిగినచోట రోడ్డూ మూల తిరుగుతుంది. ఆ మూలలన్నీ 30 మీటర్ల లోపు వంపులుగా పడి ఎక్కువ మార్కులు తెచ్చుకుంటాయి. అంటే ఆప్ మనల్ని రైవాడ వైపు తీసుకెళ్లింది నీళ్లు చూపించడానికి కాదు, కాలువ మలుపుల కోసం. కారణం తప్పైనా చేరిన చోటు మాత్రం ఒప్పే. ఘాట్‌ల విషయంలో ఒక్కోసారి దీనికి తలకిందులుగా జరుగుతుంది. గీసినవాళ్లు హెయిర్‌పిన్ దగ్గర నాలుగు చుక్కలు తక్కువ పెడితే, నిజంగా గింగిరాలు తిరిగే రోడ్డు మ్యాప్‌లో సాఫీగా కనిపిస్తుంది, మార్కులూ తగ్గుతాయి.

వాడగా వాడగా మెప్పు కొంచెం తగ్గింది. వంపు లేకపోతే ఈ ఆప్షన్‌కి అందం లేనట్టే. భీమిలి బీచ్ రోడ్డు మెల్లగా తిరుగుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి వెనకనున్న ఊళ్ల సందుల్లోకి తిప్పుతుంది. సందు మలుపులూ వంపులే మరి! సీసీ రోడ్డు, ఇంటింటికో స్పీడ్‌బ్రేకర్, వీధి కుళాయి దగ్గర బిందెలు. అలాంటిచోట మధ్యలో ఒక పాయింట్ పెట్టి బలవంతంగా మళ్లించాల్సిందే.

అసలు తగువు రోడ్డు నేల గురించి. సెట్టింగుల్లో ‘మట్టిరోడ్లు వద్దు’ అని టిక్ పెట్టే వీలుంది. అది పెట్టాక కూడా ఆప్ తీసుకెళ్లి కంకర మీద పడేస్తుంది. కారణం ఇది. మ్యాప్‌లో ప్రతి రోడ్డుకీ ఉపరితలం ఏమిటో రాసే గడి ఒకటి ఉంటుంది. తారు, సిమెంటు, గ్రావెల్, మట్టి, ఏదైనా రాయొచ్చు. మన పల్లె రోడ్లని చాలావరకు ఉపగ్రహ ఫొటో చూసి గీశారు, ఆ గడి ఖాళీగా వదిలేశారు. టిక్ పనిచేసేది ‘మట్టి’ అని రాసున్న రోడ్ల మీదే. గడి ఖాళీగా ఉంటే, బండిబాటగా గుర్తించినది తప్ప, తారే అనుకుని పంపేస్తుంది. వంపుల ఆప్షన్ వెతికేవేమో సరిగ్గా ఈ ఖాళీ గడి రోడ్లే. పెద్ద రోడ్ల వివరాలు ఎవరో ఒకరు నింపారు, వాటిని ఇది తప్పించుకు పోతుంది.

అన్నిటికంటే ఇబ్బంది మట్టిరోడ్డు కాదు, సగంలో ఆగిన రోడ్డు. పాత తారు లేపేసి, మెటల్ (పెద్ద కంకర రాయి) పరిచి, రోలర్ ఒకసారి తిప్పి వదిలేసినది. రోడ్డు పనుల్లో పైపొర మెటల్‌కి వాడే రాయి 53 నుంచి 22.4 మిల్లీమీటర్ల సైజు. మీద పరిచిన సన్న కంకరా గ్రావెలూ నాలుగు వానలకి కొట్టుకుపోతే ఆ రాళ్లు ఊడి గోళీల్లా దొర్లుతాయి. అక్కడ ముందు బ్రేకు పట్టుకుంటే హ్యాండిల్ పక్కకి పోతుంది. రెండో గేరులో ఒకే వేగం, కాళ్ల మీద బరువేసి సీటు మీంచి కాస్త లేవడం, చూపు చక్రం ముందు కాకుండా దూరంగా ఉంచడం, బ్రేకు పని వెనక చక్రానికే వదిలేయడం. చెప్పడానికి ఇంతే. ఆ దారి కిలోమీటరు కంటే ఎక్కువుంటే గాలి కంపెనీ చెప్పినదానికంటే మూడు నాలుగు పీఎస్‌ఐ తగ్గించుకోవచ్చు. ట్యూబ్ టైర్లయితే అంతకు మించి తగ్గించకూడదు, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి రెండు పక్కలా చిరుగుతుంది. తారు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టాలి, కాబట్టి చిన్న పంపు సామానులో ఉండాలి.

బయల్దేరే ముందు దీన్ని పసిగట్టే మార్గాలు లేకపోలేదు. ఉపగ్రహ చిత్రంలో తారు రోడ్డు నల్లగా, అంచులు గీసినట్టు ఉంటుంది. మెటల్ రోడ్డు తెల్లబారి అంచులు చెదిరి ఉంటుంది, గ్రావెల్ ఎర్రగా కనిపిస్తుంది. అయితే ఆ చిత్రం ఎప్పటిదో చూసుకోవాలి. రోడ్డు మొదట్లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బోర్డుంటే పొడవు, పని పూర్తయిన తేదీ దాని మీదే ఉంటాయి. ఆ రోడ్ల తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. ఎదురుగా బస్సొస్తే బెర్ము మీదకి, అంటే తారు పక్కనున్న మట్టి అంచు మీదకి దిగాల్సింది మనమే, వానాకాలంలో ఆ బెర్ము జిగట. వీటన్నిటికంటే నమ్మకమైనది బంకులో అడగడం. ‘రోడ్డు బాగుంటుందా’ అంటే అందరూ ‘బాగానే ఉంటాదండి’ అంటారు. ‘పల్లెవెలుగు బస్సు వెళ్తుందా’ అని అడగాలి. బస్సు తిరుగుతోందంటే బండికి ఢోకా లేదు. ‘బస్సు ఆపేశారండి’ అంటే కారణం తొంభై పాళ్లు రోడ్డే.

ఇంకో మందు కూడా ఉంది, నిదానంగా పనిచేసేది. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఉచిత ఆప్ రోడ్డు దగ్గర నిలబడితే ‘దీని ఉపరితలం ఏమిటి’ అని అడుగుతుంది. బొమ్మ నొక్కితే ఆ ఖాళీ గడి నిండిపోతుంది. రూట్ ఆప్ తన డేటా మార్చుకున్నాక టిక్ ఆ రోడ్డుకి పనిచేస్తుంది. రోజూ తిరిగే చుట్టుపక్కల రోడ్లకి నలుగురు కలిసి ఈ పని చేస్తే ఆప్షన్ ఇంకో రకంగా మారిపోతుంది. డబ్బిచ్చి కొన్న ఆప్‌కి మనమే డేటా నింపాలా అంటే, ఆ గుర్రు ఉండనే ఉంది.

దారిని వేరే నావిగేషన్‌కి పంపేటప్పుడు జీపీఎక్స్ ఫైల్‌ని (దారి వివరాలుండే ఫైల్) ‘రూట్’గా కాదు, ‘ట్రాక్’గా ఎగుమతి చేయాలి. రూట్‌లో నాలుగైదు పాయింట్లే పోతాయి, మధ్య దారిని రెండో ఆప్ తన లెక్కతో మళ్లీ వేసి హైవేకి ఎక్కిస్తుంది. ట్రాక్‌లో గీత మొత్తం ఉంటుంది. మధ్య పాయింట్ ఎప్పుడూ ఊళ్లో పెట్టకూడదు, జంక్షన్ దాటిన అరకిలోమీటరుకి, రోడ్డు గీత మీదే పెట్టాలి. పక్క సందులో పడిందంటే సందు చివరిదాకా వెళ్లి వెనక్కి తిరగమంటుంది. సిగ్నల్ కొండ దగ్గర పోతుంది, ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంట్లోనే దింపుకోవాలి. టైము ఆప్ రెండు గంటలంటే మూడు వేసుకోండి.

కాలం సంగతి ఆప్‌కి అస్సలు తెలీదు. వరి కోతలయ్యాక ఈ రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు. కొన్నిచోట్ల చోడి (రాగి) వెన్నులు పరిచి, వచ్చేపోయే బళ్లతో నూర్పిస్తారు. ఎండుగడ్డి మీద బ్రేకు వేస్తే చక్రం పట్టదు. చైన్‌స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుంటే ఆపి చేత్తో లాగాలి, సైలెన్సర్‌కి అంటుకుంటే పొగ వాసనొస్తుంది. చెరకు ఆడే నెలల్లో చోడవరం వైపు ట్రాక్టర్లు జార్చిన గెడలూ ఆకులూ మలుపుల్లోనే పడి ఉంటాయి. పెద్ద చుట్టు వేసేటప్పుడు మనవైపు ఒక సుఖం: పొద్దున్న పడమటికి ఎక్కి సాయంత్రం తూర్పుకి దిగుతాం, రెండుసార్లూ ఎండ వీపు మీదే. అరకు మీదుగా ఎక్కి పాడేరు, మాడుగుల దిగే చుట్టుకి ఇది బాగా కుదురుతుంది. ఆ దారిలో 516ఈ జాతీయ రహదారి విస్తరణ పనులు సాగుతున్నచోట దుమ్ము ఒక్కటే బాధ.

ఈ ఆప్షన్‌కి మొదట్లో అయిదుకి అయిదు స్టార్లిచ్చాను, ఇప్పుడు మూడున్నర. అదీ ఇల్లు అనకాపల్లి పక్కన కావడం వల్ల, బండి నూట యాభై సీసీ, తేలికైనది కావడం వల్ల, వెనక సీటు ఖాళీగా ఉండటం వల్ల. బరువు బండి మీద ఇద్దరు వెళ్లేవాళ్లు వంపుల మోతాదుని ఒక మెట్టు తగ్గించి పెట్టుకుంటే కంకర బెడద సగం పోతుంది, కోనాం పక్క రోడ్లు కొన్ని కూడా పోతాయి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ముందు ఔటర్ రింగ్ రోడ్డు మీదకి పంపుతోందేమో చూసుకోవాలి. అక్కడ ద్విచక్ర వాహనాలకి అనుమతి లేదు, వాహనం రకం దగ్గర ‘కారు’ ఉండిపోతే ఆప్ దాన్ని పట్టించుకోదు.