సైకిల్‌కు ఏ తాళం మేలు? ముందు దేనికి కడతారో చూడండి

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద తొక్కడానికని నలభై వేలు, యాభై వేలు పెట్టి సైకిల్ కొన్నవారు తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: కొత్తరకం తాళాల్లో ఏది కొనాలి? వెనక చక్రానికి బిగించే రింగ్ తాళం, సన్నటి కేబుల్ తాళం చాలవని వారికి ముందే తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు.

చిలీలో ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థులు రూపొందించిన యెర్కా సైకిల్‌లో ఫ్రేమే తాళం. కింది గొట్టం విడివడి స్తంభాన్ని చుట్టుకుంటుంది, సీటు కడ్డీ దాన్ని మూసేస్తుంది. తాళం కోస్తే సైకిలే పాడవుతుంది. ఆలోచన గొప్పదే గాని, ఇప్పటికే మన దగ్గరున్న సైకిల్‌కు అది అమరదు. 2016లో అమెరికాలో వెలువడిన స్కంక్‌లాక్ అనే తాళాన్ని కోస్తే, దాని గొట్టంలో ఒత్తిడితో నింపిన రసాయనం దొంగకు వాంతి తెప్పించేంత దుర్వాసనతో చిమ్ముతుంది. వాచ్‌మన్ కుటుంబం కాపురముండే, గాలి సరిగా ఆడని సెల్లార్‌లో అలాంటిదాన్ని పెట్టమని నేను చెప్పలేను.

బలం మాటకొస్తే 2021 నాటి హిప్‌లాక్ డీ1000 అనే తాళం ముందుంటుంది. మామూలు యూ-లాక్‌ను, అంటే యూ ఆకారపు ఉక్కు కడ్డీ తాళాన్ని, లోహం కోసే బ్యాటరీ గ్రైండర్ ఒకటి రెండు నిమిషాల్లోనే కోసేస్తుంది. దీని ఉక్కు మీద ఉన్న గ్రాఫీన్ (కార్బన్‌లో ఒక రకం) కలిపిన పదార్థానికి మాత్రం గ్రైండర్ డిస్కులే అరిగిపోతాయి.

అయితే నా దృష్టిలో అసలు విషయం తాళం గట్టిదనం కాదు, దాన్ని దేనికి కడుతున్నామన్నది. చక్రాన్ని ఫ్రేమ్‌కే కట్టి వదిలేసిన సైకిల్‌ను ఎత్తి ఆటోలో వేసుకుపోవడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. మన సెల్లార్లలో కదలనివంటూ ఉన్నవి పిల్లర్లు. 9 అంగుళాలకు 12 అంగుళాల పిల్లర్ చుట్టుకొలతే దాదాపు 107 సెంటీమీటర్లు; లోపలి ఖాళీ జానెడో, అంతకు కాస్త ఎక్కువో ఉండే యూ-లాక్ దాని చుట్టూ పోదు, ఉక్కు పట్టీలు మడతపడేలా చేసిన 110 సెంటీమీటర్ల మడత తాళం చుట్టినా ఫ్రేమ్‌కు చోటు మిగలదు. గోడ వెంట పోయే పీవీసీ పైపుకు కట్టడమంటే కట్టకపోవడమే.

అందుకే ఇంటి దగ్గరికి మీటరున్నర పొడవు, 10 మిల్లీమీటర్ల మందం గల గట్టిపరచిన ఉక్కు చైన్‌నే నేను మేలంటాను. బరువు మూడు కిలోలు దాటినా దాన్ని పిల్లర్‌కే వదిలి వెళ్లవచ్చు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటే, సెల్లార్ కాంక్రీటు నేలలో యాంకర్ బోల్టులతో ఇనుప కొక్కెం దింపించి, దానికి మంచి యూ-లాక్ వేయడం ఇంకా మంచిది. పిల్లర్‌కు మాత్రం డ్రిల్ పెట్టనివ్వకండి, లోపలి కడ్డీలు దెబ్బతింటాయి. సిమెంటు ఇటుకల గోడలో బోల్టు గట్టిగా నిలవదు.

మెట్రో స్టేషన్ దగ్గర రెయిలింగ్‌కు కట్టేవారికి మడత తాళం సరిపోతుంది.

ఏది కొన్నా, తాళాన్ని ముందరి చక్రానికి మాత్రమే వేసి ఆపకుండా ఫ్రేమ్ లోపలి నుంచి తీసి కట్టండి. పనిముట్లు లేకుండా మీట తిప్పి తీసే క్విక్ రిలీజ్ చక్రం క్షణంలో ఊడి వస్తుంది. చైన్‌ను నేల మీద పడి ఉండనివ్వకుండా పైకి బిగించండి. నేలకు ఆనితే బోల్ట్ కట్టర్ పిడి మీద దొంగ తన ఒంటి బరువంతా మోపగలుగుతాడు.