ఇంటి కంప్యూటర్‌కి ఫైబర్ నెట్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

మా ఇల్లు శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే రోడ్డు వైపు. వాడేది పాత డెస్క్‌టాప్. మొదట ఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఉండేది, తర్వాత ఫైబర్, అంటే కాంతి రూపంలో నెట్ తెచ్చే సన్నటి గాజు తీగ, పెట్టించాం. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. మా వీధిలో ఎవరి తీగైనా ఆ కరెంటు స్తంభాల మీంచే రావాలి, తెగితే నిచ్చెన వేసుకుని ఎక్కేది లోకల్ కుర్రాడే.

స్పీడ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 4కె వీడియోకి 25 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది, మా 100 ప్లాన్ ఇంటిల్లిపాదికీ చాలు. కాకపోతే డెస్క్‌టాప్‌ని వైఫై మీద వదిలేయకండి. మా మోడెం హాల్లో, కంప్యూటర్ వెనక గదిలో, మధ్యలో పాతకాలం మందపాటి గోడ. కంప్యూటర్‌కి గుచ్చే వైఫై డాంగిల్‌తో మీటింగు మధ్యలో ఆగి ఆగి వచ్చేది. గోడ వెంట ల్యాన్ వైరు లాగించాక ఆ టెన్షన్ పోయింది. 100 దాటిన ప్లాన్ తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి: ఆ వైరులో ఎనిమిది తీగలుంటాయి, కొసన క్లిప్పు సరిగా నొక్కక నాలుగే కలిస్తే లింకు 100 దగ్గరే ఆగిపోతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 అని చూపించాలి.

అసలు తలనొప్పి ఎర్ర లైటు. మోడెం మీద 'లాస్' (LOS) అని రాసున్న దగ్గర అది వెలిగిందంటే కాంతి మన దాకా రావడం లేదన్నమాట. ఫోన్ చేస్తే కుర్రాడు "ఎక్కడో తెగిపోనాది బాబూ, వస్తన్నాను" అంటాడు, వస్తాడు కూడా. ఒకసారి తీగ ఎక్కడా తెగలేదు. బిగించినవాళ్లు దాన్ని తలుపు మూలన మడత పెట్టి మేకు కొట్టారు. ఫైబర్ బాగా వంగితే ఆ వంపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. వచ్చే కాంతి బలం కొలిచే అతని మీటరు మైనస్ 27 కంటే కిందికి, అంటే బాగా తక్కువగా చూపించింది, మడత తీసేసరికి మైనస్ 20కి పెరిగింది. బిగించే రోజే ఆ అంకె అడిగి రాసి పెట్టుకోండి. రేపు గొడవ వస్తే పనికొస్తుంది.

కరెంటు పోతే? మోడెంకి కావలసింది 12 వోల్టులే, అరచేతిలో పట్టే మినీ యూపీఎస్ చాలు. దారిలో ఒక ఫైబర్‌ని పలు ఇళ్లకి పంచే స్ప్లిటర్ డబ్బాలకి కరెంటే అక్కర్లేదు. ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ నిలబడితే మన నెట్ కూడా నిలబడుతుంది. డెస్క్‌టాప్‌కి వేరే యూపీఎస్ ఉండాలనుకోండి, అది వేరే ఖర్చు.

తుపానుకి మాత్రం ఇవేవీ పనిచేయవు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ పడిపోయాయి. స్తంభం లేవందే దాని మీది ఫైబర్ లేవదు. అలాంటప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి తగిలించి దాని డేటా వాడుకోవడమే, అదీ టవరు బతికుంటే.

కస్టమర్ కేర్ దండగ. టికెట్ నంబరు ఇస్తారు, సాయంత్రానికి 'సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ పెడతారు. మోడెం మీద ఎర్ర లైటు అలాగే ఉంటుంది. కుర్రాడి నంబరు తీసుకోకుండా కనెక్షన్ తీసుకోవద్దు. ఏడాది డబ్బు ఒకేసారి కడితే కొంత తగ్గిస్తామంటున్నారు కానీ నేను నెలనెలా కడుతున్నాను. ఆ కుర్రాడు ఆపరేటర్ మారితే నేనూ మారాలి కదా.