అమ్మానాన్నలతో మోటార్‌హోమ్‌లో పిరనీస్ అటూ ఇటూ

జూలై మొదట్లో పది రోజులు అమ్మ, నాన్న, మా ఆయన, నేను ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో మోటార్‌హోమ్ (పడకలు, వంటిల్లు, బాత్రూము అన్నీ ఉండే బండి) అద్దెకు తీసుకుని తిరిగొచ్చాం. ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య ఉన్న పిరనీస్ కొండలు దాటి స్పెయిన్‌లో అరగాన్ ప్రాంతపు పల్లెలు చూశాం, వచ్చేటప్పుడు ఫ్రాన్స్‌లో లోట్ నది వెంట వచ్చాం. అమ్మానాన్నలది తెనాలి దగ్గర పల్లె. దేశం దాటడం వాళ్లకిదే మొదలు. పెద్దవాళ్లతో ఇలా వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇలాంటి ప్రయాణంలో ఏ ఊరు చూశామన్నదానికంటే, పొద్దుగూకాక బండి ఎక్కడ ఆపామన్నదే ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది.

మొదట బండి సంగతి. పొడవు ఏడు మీటర్లు, బరువు 3.5 టన్నుల లోపు కాబట్టి మామూలు కారు లైసెన్సు చాలింది. డ్రైవరు సీటు మీద అటక లాంటి పడక ఉండే బండిని చాలామంది సిఫారసు చేస్తారు. కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాని నిచ్చెన ఎక్కలేరు. వెనకవైపు దించి, మడిచే పని లేని మంచం ఉందో లేదో చూసుకోండి. అది అమ్మానాన్నలకిచ్చి మేం పైకి ఎక్కాం. నడిరాత్రి లేచి బాత్రూముకు వెళ్లడానికి నాన్నకు నాలుగడుగులే. తెచ్చుకున్న చెంబు కూడా అక్కడే పెట్టుకున్నారు.

సాన్‌లారీ మీదుగా కొండెక్కి బియెల్సా సొరంగంలోకి దిగాం. 1976లో తెరిచారట, మూడు కిలోమీటర్లు, టోల్ లేదు. లోపలికి వెళ్లేటప్పుడు పచ్చటి తడి కొండలు, బయటికి వచ్చేసరికి ఎండ, ఎర్రమట్టి. భోజనాల వేళ కూడా ఆ సొరంగంలోనే మారిపోతుంది. ఫ్రాన్స్ పల్లెల్లో పన్నెండింటికి కూర్చుంటే రెండింటికల్లా వంటిల్లు మూసేస్తారు. స్పెయిన్‌లో రెండింటికి గానీ అసలు సందడి మొదలవదు, రాత్రి భోజనం తొమ్మిదింటికి. నాన్నకు షుగరు. అందుకని స్పెయిన్‌లో ఉన్నన్నాళ్లూ పన్నెండున్నరకు బండిలోనే కుక్కరు పెట్టేశాం.

అయీన్సాలో కోట పక్కనే పార్కింగు ఉంది. అక్కణ్నుంచి పాత ఊరి పెద్ద చౌకుకు మెట్లు లేకుండా నడిచి వెళ్లొచ్చు. పెద్దవాళ్లకు ఇంతకంటే అనువైన రాతి ఊరు మాకు దొరకలేదు. ఒక హోటల్లో మాంసం లేనిది కావాలని స్పానిష్‌లో అడిగితే ట్యూనా చేప చల్లిన సలాడ్ వచ్చింది. అక్కడ మాంసం అంటే చేప లెక్కలోకి రాదు. "మాంసం వద్దు, పంది తొడ వద్దు, చేప వద్దు" అని మూడూ విడివిడిగా చెప్పాలి. అలా చెప్పాక తెచ్చిన కాల్చిన వంకాయ, మిరప అమ్మకు బాగా నచ్చింది.

ఓర్దేసా జాతీయవనం 1918 నాటిది. వేసవిలో సొంత బండ్లను లోపలికి వదలరు, తోర్లా ఊరి నుంచి బస్సులో వెళ్లాలి. వనంలో బండి ఆపుకుని రాత్రి ఉండటం కుదరదు కాబట్టి తోర్లా దగ్గర క్యాంపింగులో (డబ్బు కట్టి గుడారాలు, బండ్లు పెట్టుకుని ఉండే చోటు) రెండు రాత్రులున్నాం. బస్సు దిగిన చోటు నుంచి అరాసస్ ఏటి పక్కన చెట్ల నీడలో దారి చాలాదూరం మెత్తగా సాగుతుంది. చివరి జలపాతం దాకా మేమిద్దరమే వెళ్లాం. అమ్మానాన్నలు ఏటి ఒడ్డున బండ మీద పులిహోర డబ్బా పెట్టుకుని గంటల తరబడి కూర్చున్నారు. విసుగేసిందా అని అడిగితే నాన్న ఇంకాసేపు ఉందామన్నారు.

అల్కేసర్ మాత్రం పెద్దవాళ్లతో వద్దు. బండి ఊరి బయటే ఆపాలి, అన్నీ ఎత్తుపల్లాలే. వేరో నది లోయలో కట్టిన నడక వంతెనలు బాగుంటాయి, కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు.

సోంపోర్ట్ సొరంగం గుండా ఫ్రాన్స్‌లోకి తిరిగొచ్చి ఉత్తరానికి మళ్లాం. ఇక రాత్రి బసల సంగతి. స్పెయిన్‌లో చిన్న ఊళ్ల పంచాయతీలు మోటార్‌హోమ్‌లకు ఆగుచోట్లు కట్టాయి. మేం ఆగిన చోట పైసా తీసుకోలేదు. మంచినీళ్లు, వాడిన నీళ్లు వదిలే చోటు, టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే చోటు, మూడూ ఉన్నాయి. అయితే కుర్చీ గానీ పందిరి గానీ బయట వేయకూడదు. వేస్తే బండి నిలిపినట్టు కాదు, విడిది చేసినట్టు లెక్క. ఫ్రాన్స్‌లో రొకమదూర్ వైపు ఒక పెద్ద ప్రైవేటు క్యాంపింగు ఒక్క రాత్రికి 58 యూరోలు తీసుకుంది. ఈతకొలనులో మామూలు నిక్కర్లు వద్దన్నారు, రాత్రి పదకొండు దాకా పాటలు, కరెంటు ఆరు ఆంపియర్లే. అంటే దాదాపు 1,400 వాట్లు. రైస్ కుక్కరు మీద ఉండగా నీళ్ల కెటిల్ కూడా పెడితే కరెంటు పోయింది. మర్నాడు లోట్ ఒడ్డున ఒక పల్లె పంచాయతీ నడిపే క్యాంపింగులో నలుగురికీ 21 యూరోలు. సాయంత్రం చెబితే పొద్దున్నే రొట్టె తెప్పించి పెట్టారు. స్నానాల గదులు పాతవే కానీ అద్దంలా ఉన్నాయి.

అన్నిటికంటే మంచి రాత్రి కావోర్ దగ్గర ద్రాక్షతోటలో గడిచింది. ఫ్రాన్స్ పాసియోఁ అని 1993 నుంచి నడుస్తున్న ఏర్పాటు ఉంది. ఏడాది సభ్యత్వం కడితే రైతులు తమ స్థలంలో 24 గంటలు ఉచితంగా ఆగనిస్తారు. ఏదీ కొనాలన్న బలవంతం లేదు, వెళ్లగానే పలకరించాలి, అంతే. నాన్న కృష్ణా కాలువ కింద వరి పండించినవారు. తీగల మొదళ్లు తడిమి చూసి, నీళ్లు ఎలా పెడతారని అడిగారు. పెట్టం, వానే దిక్కు, మేలురకం వైన్‌కు నీళ్లు పెట్టడాన్ని నిబంధనలు కూడా కట్టడి చేస్తాయి అని ఆ రైతు చెప్పాడు. నేను అటూ ఇటూ తర్జుమా చేస్తుంటే ఇద్దరూ చీకటి పడేదాకా మట్టి గురించే మాట్లాడుకున్నారు. నాన్న అంతసేపు మాట్లాడగా నేను చూసి చాలా ఏళ్లయింది.

ఆదిమానవులు బొమ్మలు గీసిన పెష్ మెర్ల్ గుహకు ముందే టికెట్లు తీసుకోండి, రోజుకు 700 మందినే వదులుతారు. ఇలాంటి బొమ్మలకే పేరుపడ్డ లాస్కో అసలు గుహను 1963లోనే మూసేశారు, ఇప్పుడు చూపించేది నకలు. ఇక్కడివి అసలు బొమ్మలే. చుక్కల గుర్రాలు దాదాపు 29,000 ఏళ్ల నాటివి. అమ్మ మాత్రం బురదలో గట్టిపడి మిగిలిన చిన్న పాదం గుర్తుల దగ్గరే ఆగిపోయింది. లోపల చలి, శాలువా ఉండాలి.

రొకమదూర్‌లో కొండకు అతుక్కున్న గుడికి 216 మెట్లు. పాతకాలంలో యాత్రికులు మోకాళ్ల మీద ఎక్కేవారని చెబితే అమ్మ వెంటనే "మన మోకాళ్ల పర్వతం లాగా" అంది. డబ్బు కట్టి లిఫ్టులో వెళ్లాం. మధ్యాహ్నం ఊపిరాడనంత జనం. సాయంత్రం ఆరు తర్వాత ఎదుటి గట్టు మీది లోస్పితలే నుంచి చూస్తేనే ఊరు బాగుంది.

బండి అప్పగించేటప్పుడు ఒక పేచీ వచ్చింది. పక్కన ఉన్న గీత మేం గీసిందేనని అద్దె సంస్థవాళ్లు డిపాజిట్‌లో 150 యూరోలు పట్టుకున్నారు. తీసుకున్న రోజు ఫొటోలు నాలుగు వైపులా తీశాం, ఆ మూల ఒక్కటే వదిలేశాం. మీరు కప్పు మీద కూడా వీడియో తీయండి. వచ్చే సెప్టెంబరుకు అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. అల్కేసర్ తీసేసి తోర్లాలో మూడు రాత్రులు, లోట్ ఒడ్డు పంచాయతీ క్యాంపింగులో మూడు రాత్రులు ఉండాలని ఇప్పుడే రాసిపెట్టుకున్నాం.