ఇల్లు కృష్ణకు ఏ ఒడ్డున? బెజవాడ, గుంటూరు మధ్య పసిపిల్లలున్న ఇంటికి ఊరు వెతుకులాట

బెజవాడ నుంచి గుంటూరుకు 35 కిలోమీటర్లకు మించదు. మ్యాపు చూస్తే ఈ మధ్యలో ఎక్కడ కాపురం పెట్టినా ఒకటే అనిపిస్తుంది. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు కృష్ణ మీది వారధి ఎక్కితే ఒకటి కాదని తెలుస్తుంది. ఇక్కడ దూరం కన్నా ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఎన్ని ఇరుకులున్నాయన్నదే అసలు లెక్క. ప్రకాశం బ్యారేజి, కనకదుర్గ వారధి, బెంజ్ సర్కిల్, కాజ టోల్‌గేటు, రైలుకైతే కృష్ణా కెనాల్ దగ్గర అవుటరు సిగ్నలు. పెద్దవాళ్ళు రోజూ వీటిలో ఒకటి దాటినా ఫరవాలేదు. పిల్లల బడి, పిల్లల డాక్టరు మాత్రం ఇల్లున్న ఒడ్డునే ఉండాలి. ఈ షరతు పెట్టుకుని బయల్దేరితే సగం ఊళ్ళు జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

ఆదివారం కారేసుకుని వచ్చి, నాలుగు అపార్టుమెంట్లు చూసి, భోంచేసి వెళ్ళిపోతే ఏమీ తెలియదు. ఆదివారం బెంజ్ సర్కిల్ కూడా బుద్ధిగానే ఉంటుంది. పనిరోజుల్లో వచ్చి, చూడాలనుకున్న ఊళ్ళోనే రెండు రాత్రులు దిగండి. మంగళగిరిలో గుడి వైపు లాడ్జీలు, హైవే మీద హోటళ్ళు ఉన్నాయి. తెనాలిలో స్టేషను, బస్టాండు చుట్టుపక్కల దొరుకుతాయి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు దిగితే నడిచి తిరగొచ్చు. హైవే హోటలు సుఖమే కానీ, దాని కిటికీలోంచి ఊరు కనిపించదు. వీధిలో రాత్రి దోమలెంత, కుళాయి ఏ వేళకొస్తుంది, పొద్దున ఏడున్నరకు ఏయే స్కూలు బస్సులు సందులోకి వస్తున్నాయి, ఇవన్నీ ఊళ్ళో గది తీసుకుంటేనే తెలుస్తాయి. దసరా పది రోజులు, మార్గశిరంలో భవానీ దీక్షల విరమణ, ఫాల్గుణంలో మంగళగిరి తిరునాళ్ళు వదిలేయండి. అప్పుడు గదులూ దొరకవు, ట్రాఫిక్కూ మామూలు రోజుల ట్రాఫిక్ కాదు.

మొగుడూ పెళ్ళాల్లో ఒకరి ఉద్యోగం బెజవాడలో, ఒకరిది గుంటూరులో అయితే మంగళగిరిని మించిన ఊరు లేదు. బెజవాడ సుమారు 13 కిలోమీటర్లు, గుంటూరు 20. రోడ్డు, రైలు రెండూ ఉన్నాయి. ఎయిమ్స్ ఊరి అంచునే ఉంది. 2019లో ఓపీ మొదలైంది, పేరు నమోదుకు 10 రూపాయలే. అయితే ఎయిమ్స్ ఓపీ అంటే పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నందాకా కూర్చునే పని. పిల్లాడికి రాత్రి పదకొండింటికి జ్వరం 103 దాటితే కావలసింది పక్క వీధి పిల్లల డాక్టరు. కాబట్టి పాత ఊళ్ళో రాత్రిపూట తలుపు తీసే క్లినిక్ ఏదో మెడికల్ షాపులో అడిగి, తర్వాతే ఇల్లు చూడండి. చినకాకానిలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, కానీ ఊళ్ళో నుంచి అక్కడికి హైవే మీదుగానే వెళ్ళాలి.

మంగళగిరికున్న తంటా కూడా హైవేనే. 16వ నంబరు జాతీయ రహదారి ఊరిని రెండుగా కోస్తుంది. ఇల్లు ఒకవైపు, బడి మరోవైపు అయితే అయిదేళ్ళ పిల్ల నడిచి వెళ్ళే మాట మరిచిపోవాలి. కొండవాలు ఇళ్ళు అద్దెకు చవకగా వస్తాయి, గాలి బాగుంటుంది, వద్దు. 2024 ఆగస్టు చివరి వానకు బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఇక్కడి కొండా అలాంటిదే. పొలాల వైపు కొత్త లేఅవుట్లలో నల్లరేగడి నేల. వానకు ఉబ్బి ఎండకు బిగుస్తుంది. పునాది లోతుగా తీయని ఇళ్ళలో మూడో ఏటికల్లా కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్ళు లేస్తాయి. కొత్త సున్నం చూసి మోసపోకుండా కాంపౌండు గోడను చూడండి. పగుళ్ళు ముందు అక్కడే కనపడతాయి.

తాడేపల్లి, కుంచనపల్లి, వడ్డేశ్వరం అపార్టుమెంట్ల ఊళ్ళు. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిపి కార్పొరేషన్ చేసినా, ఊరి తీరు మాత్రం రెంటికీ వేరు. లిఫ్టు, జనరేటరు, ఆడుకునే జాగా కావాలనుకునే వాళ్ళకు కుంచనపల్లి బాగుంటుంది. కిరాణాకు, కూరలకు బండి తీయాల్సిందే. బెజవాడ ఆఫీసుకు రెండు దారులు: వారధి లేదా ఉండవల్లి సెంటరు మీదుగా బ్యారేజి. బ్యారేజి దగ్గరి దారే కానీ ఉండవల్లి సెంటర్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆటోలు, సచివాలయం బస్సులు, కార్లు అన్నీ ఒకే ఇరుకులో పడతాయి. వరదొచ్చినప్పుడు బ్యారేజి మీద రాకపోకలు ఆపేస్తారు కూడా. కరకట్ట లోపలి వైపు, కొండవీటివాగు పల్లపు నేలల్లో తోటల మధ్య ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు. వాగు నీటిని ఎత్తి కృష్ణలో పోయడానికి ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకమే కట్టాల్సి వచ్చిందంటే ఆ నేల సంగతి అర్థమవుతుంది.

తెనాలిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. తాతయ్య, అమ్మమ్మ కూడా ఇంట్లో ఉండే కుటుంబానికి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా తేలికైన ఊరు లేదు. మార్కెట్టు, బళ్ళు, జిల్లా ఆసుపత్రి, గుడి అన్నీ రిక్షా దూరంలో ఉంటాయి. చెన్నై ప్రధాన మార్గం మీద ఉండడంతో బెజవాడకు రోజంతా రైళ్ళు. గుంటూరుకు వేరే లైను. బెజవాడకు రైలు ప్రయాణం అరగంటే అని టైంటేబులు చెబుతుంది కానీ ఇంకో పావుగంట కలుపుకోండి. తెనాలి వైపు నుంచీ గుంటూరు వైపు నుంచీ వచ్చే బళ్ళన్నీ కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర కలిసి అవే వంతెనల మీదుగా బెజవాడ చేరాలి. ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే పాసింజరు, మెమూలనే ముందు ఆపేస్తారు. పది గంటల బయోమెట్రిక్ ఉన్నవాళ్ళు ఆఖరి బండిని నమ్ముకోకుండా దాని ముందు బండి ఎక్కాలి.

సీజన్ టికెట్ నెలకు తీసుకునే కన్నా మూడు నెలలకు తీసుకుంటే మేలు, నెల ధరకు 2.7 రెట్లే పడుతుంది. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే దానికి అదనపు రుసుము విడిగా కట్టాలి. రిజర్వేషన్ బోగీలో సీజన్ చెల్లదు, జరిమానా పడుతుంది. బస్సులో వెళ్ళే ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లాంటి సర్వీసుల్లో టికెట్‌కు డబ్బు లేదు. గుంటూరు, బెజవాడ మధ్య జనం ఎక్కువగా ఎక్కే నాన్‌స్టాప్‌లు మాత్రం ఆ జాబితాలో లేవు. డబ్బు మిగలాలంటే ఎక్స్‌ప్రెస్, టైము మిగలాలంటే నాన్‌స్టాప్. ఇంటి లెక్కలో ఏది రాసుకుంటున్నారో ముందే తేల్చుకోండి.

తెనాలి లోటు నీళ్ళలో ఉంది. రెండో పంట అయ్యాక డెల్టా కాలవలు కట్టేస్తారు. అప్పటినుంచి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా మంచినీళ్ళ చెరువుల్లో నింపి పెట్టుకున్నదే దిక్కు. ఇల్లు మే నెలలో చూడండి. మేలో కుళాయి రంగు, వాసన బాగుంటే ఏడాది పొడుగునా బాగున్నట్టే.

గుంటూరులో కాపురం, గుంటూరులోనే ఉద్యోగం అయితే ఇంత చర్చ అక్కర్లేదు. బెజవాడకు రోజూ వెళ్ళాలంటేనే ఆలోచించాలి. కారులో అయితే కాజ టోలు రానూపోనూ దాటాలి. 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు అప్పట్లో 3,000 రూపాయలకు 200 సార్లు. నెలకు 24 పనిదినాలు వేసుకుంటే 48 సార్లు, అంటే నాలుగు నెలలు తిరిగేసరికి అయిపోతుంది. టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఇల్లున్న సొంత కారుకు స్థానికుల నెలవారీ పాసు ఉంది. రోజూ తిరిగేవాళ్ళకు అది అంతకన్నా చవక, సార్ల లెక్కా లేదు. చిరునామా రుజువు, బండి ఆర్సీ తీసుకుని గేటు దగ్గరి కౌంటర్లో అడగాలి. అద్దె ఇంటివాళ్ళు ఆధార్‌లో చిరునామా మార్చుకోకుండా వెళ్ళి వెనక్కి వస్తుంటారు.

పేటల్లో బ్రాడీపేట, విద్యానగర్, బృందావన్ గార్డెన్స్ పాతకాలం నుంచీ చదువుల వీధులు. గోరంట్ల, ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు కొత్త ఇళ్ళు విశాలంగా ఉంటాయి. పిల్లల ఆసుపత్రులు కొత్తపేటలో గుంపుగా ఉన్నాయి. మధ్యలో రైలు పట్టాలు. శంకర్ విలాస్ పాత వంతెన తీసి కొత్తది కట్టే పని 2025లో మొదలైంది. మూడు వంతెనలు అనే చోట పట్టాల కింద గట్టి వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. ఇల్లు, బడి, ఆసుపత్రి పట్టాలకు ఒకే పక్క ఉండేట్టు చూసుకుంటే ఈ గోల ఉండదు. ఉబ్బసం ఉన్న పిల్లలైతే మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల దరిదాపుల్లో వద్దు. ఫిబ్రవరి నుంచి మే దాకా టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు తిరిగేటప్పుడు ఆ గాలికి పెద్దవాళ్ళే దగ్గుతారు. ఆ ఇళ్ళను ఆగస్టులో చూస్తే ఏమీ తెలియదు.

గన్నవరం, కేసరపల్లి వైపు ఉద్యోగమైతే నది దాటే ఊరు అసలు ఎంచుకోకండి. కానూరు, పోరంకి, పెనమలూరు, కంకిపాడు చూడండి. బందరు రోడ్డు మీద స్కూళ్ళకు, డాక్టర్లకు కొదవ లేదు. కామయ్యతోపు, తాడిగడప దగ్గర సాయంత్రాలు ట్రాఫిక్ నిలబడిపోతుంది, అంతే. పశ్చిమ బైపాసు కాజ నుంచి కృష్ణ దాటి గొల్లపూడి మీదుగా చిన అవుటపల్లి చేరుతుంది. దాని పేరు చెప్పి ప్లాటు అమ్మేవాళ్ళ మాట పక్కన పెట్టి, మీ బండి ఏ మలుపులో దిగగలదో స్వయంగా తోలి చూడండి. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు థర్మల్ స్టేషను బూడిద లారీలు తిరుగుతాయి. బట్టలారేసే డాబా మీద వేలితో గీసి చూస్తే చాలు. తుళ్ళూరు, మందడం సచివాలయ ఉద్యోగులకు దగ్గరే కానీ, రాజధాని పనుల దుమ్ము, బరువు బళ్ళ మధ్య చంటిపిల్లలతో ఇప్పుడు కష్టం.

బెజవాడ ఉత్తరాన సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేటల్లో అద్దెలు నోరూరిస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి రోజుల తరబడి మునిగిన పేటలివి. అదే వారం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయినా కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాచింది. మునిగిన ఆ పేటల్లో ఇల్లు తప్పదంటే మొదటి అంతస్తు పైనే తీసుకోండి. సెల్లారు గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో, కరెంటు ప్యానెలు ఆ చారకు పైనుందో కిందనుందో చూడండి. సంపు మూత నేలకు సమంగా ఉంటే మురుగు ముందు అందులోకే పోతుంది. ఓనరు చెప్పడు, ఎదురుగా ఉన్న కిరాణా ఆయన చెబుతాడు.

ఏ ఊరైనా బోరు నీళ్ళను వేరుగా, కుళాయి నీళ్ళను వేరుగా చూడాలి. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. జేబులో వేసుకుని వెళ్ళండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపైతే తాగడానికి మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఈ ప్రాంతంలో చాలా బోర్లు ఉప్పు కడతాయి. గీజరు కాయిలు మీద, కుళాయి జాలీ మీద తెల్ల పొర చూస్తే మీటరు కూడా అక్కర్లేదు. మీటరు క్రిముల సంగతి చెప్పదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో కలుషిత నీటితో డయేరియా వచ్చి జనం చనిపోయారు. మురుగు కాలవలోంచి పోయే కుళాయి గొట్టం ఉన్న సందులో ఇల్లు తీసుకోవద్దు. పోతపాలు తాగే ఆరు నెలల లోపు బిడ్డ ఉంటే బోరు నీటిలో నైట్రేటు ల్యాబులో చూపించండి, లీటరుకు 45 మిల్లీగ్రాములు హద్దు. కాచితే నైట్రేటు పోదు, ఇంకా చిక్కబడుతుంది.

బడి విషయంలో ఆఫీసులో చెప్పే రూటు కన్నా బస్సు డ్రైవరు చెప్పే రూటే నిజం. మీ స్టాపు పొద్దున మొదటిదైతే సాయంత్రం చివరిది కూడా కావచ్చు. నాలుగేళ్ళ పిల్లకు ఒక్కో పూట అరగంటకు మించి బస్సు వద్దు. ఆయా ఉందా, ఫిట్‌నెస్ కాగితం ఏ తేదీదో అడగడానికి మొహమాటపడకండి.

మొదటి ఏడాది అద్దెకే ఉండండి. పదకొండు నెలల అగ్రిమెంటులో నీళ్ళ ట్యాంకరు ఖర్చు ఎవరిదో రాయించండి. వేసవిలో గొడవలన్నీ అక్కడే వస్తాయి. కొనేటప్పుడు లేఅవుటుకు సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, 8 ఫ్లాట్లు దాటినా స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం) ఉండాలి. మూడూ బిల్డరు ఇచ్చిన జిరాక్సుల్లో కాకుండా మీరే ఆన్‌లైన్లో తీసి చూసుకోవాలి.

బళ్ళు జూన్‌లో తెరుస్తారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మంచి ఇళ్ళకు పోటీ, బేరం సాగదు. పిల్లలు ఇంకా బడి వయసుకు రాకపోతే మూఢంలోనో ఆషాఢంలోనో చూడండి. ముహూర్తం కోసం అందరూ ఆగిపోతారు, ఖాళీ ఇంటి ఓనర్లు అడ్వాన్సు దగ్గరా అద్దె దగ్గరా దిగుతారు. పాలు పొంగించడం శ్రావణంలో పెట్టుకోవచ్చు.