సముద్రం కనిపించే బాల్కనీ: రెండున్నరేళ్లు వాడాక

విశాఖపట్నం గురించి కొత్తగా చెప్పేదేం లేదు. కైలాసగిరి, సబ్‌మెరైన్, రుషికొండ, అరకు రైలు, అన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్క బాల్కనీ గురించి. 2022 జూన్ మొదట్లో మావారికి బదిలీ అయ్యి హనుమకొండ నుంచి వచ్చినప్పుడు నేనే పట్టుబట్టి తీసుకున్న ఇల్లు అది. ఆరు నెలలు తిరక్కముందే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో దాన్ని తెగ పొగిడేశాను. ఆ పొగడ్తల్లో కొన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. అన్నీ కాదు.

లాసన్స్‌బే వైపు, పెదజాలరిపేటకు దగ్గర్లో మూడో అంతస్తు. అద్దె మేం అనుకున్నదానికి నాలుగు వేలు ఎక్కువ. మావారు నసిగారు. మేం పుట్టి పెరిగిన చోట నీళ్లంటే భద్రకాళి చెరువు. దానికి అవతలి గట్టు కనిపిస్తుంది. ఇక్కడ తలుపు తీస్తే అవతలి గట్టే లేదు. మా బిడ్డకు అప్పుడు తొమ్మిదేళ్లు. రాత్రిపూట పోర్టులోకి వెళ్లడానికి వంతు కోసం దూరంగా ఆగిన ఓడల దీపాలు లెక్కపెట్టేది. ఒకరోజు పదకొండు, ఒకరోజు పద్నాలుగు. స్కూల్ డైరీ వెనక పేజీలో రాసుకునేది. నాలుగు వేలు దానికే చెల్లిపోయాయనుకున్నా.

ఊరు అలవాటు కావడానికి పెద్దగా కష్టపడలేదు. భాష ఒక్కటే మొదట్లో తమాషా చేసింది. నేను ఆలుగడ్డ అంటే కూరగాయలామె బంగాళాదుంప అని దిద్దేది. కింద పోర్షన్ ముసలమ్మ మా బిడ్డను చూసి "ఈ గుంట మీ అమ్మాయేనేటి?" అని అడిగితే అది ముఖం మాడ్చుకుని పైకొచ్చేసింది. మా దగ్గర గుంటంటే భూమి కొలత, నలభై గుంటలైతే ఎకరం. ఇక్కడ గుంటంటే చిన్నపిల్ల, అదీ ముద్దుగా. ఇప్పుడు ఇంట్లో మేం కూడా అలాగే పిలుస్తున్నాం.

అత్తమ్మకు చేపల దగ్గర పేచీ వచ్చింది. ఆమెకు చేపంటే కొర్రమీను, లేకపోతే బొచ్చె. మేం దిగేసరికి వేట నిషేధం నడుస్తోంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. జాలరిపేట పడవలన్నీ ఇసుకలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. నిషేధం ఎత్తేశాక ఒక ఆదివారం తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాం. వంజరం, చందువలు, కానాగడతలు, పేర్లు తెలియనివి ఇంకెన్నో. వేలంపాటలో వాళ్లు ఏ భాషలో అరుస్తున్నారో అర్థమయ్యేలోపు గంప చేతులు మారిపోతోంది. అత్తమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఆ తడిలో గంటసేపు తిరిగి, చివరికి "వీటికి మట్టి వాసన లేదు, చేపల్లెక్కనే లేవు" అని తేల్చేసింది. ఆరు నెలల తర్వాత నెత్తళ్ల వేపుడు లేకపోతే పప్పు దిగేది కాదు, అది వేరే సంగతి.

సరే, బాల్కనీ.

మొదట మొరాయించింది తాళం. సెప్టెంబర్‌లో దసరాకి ఊరెళ్లి పది రోజుల తర్వాత వస్తే బాల్కనీ గ్రిల్ తాళంలో చెవి తిరగలేదు. ఇంత కొబ్బరినూనె పోశాం, వచ్చింది. తర్వాత గ్యాస్ పొయ్యి కింద స్టాండు, మావారి స్కూటర్ సైలెన్సర్, గోడ గడియారం మేకు. వంటింట్లో డబ్బాలో ఉప్పు ముద్దయ్యేది. నాలుగు బియ్యపు గింజలు వేసి మూతపెట్టి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇల్లంతటికీ జరుగుతున్నదేమిటో ఆ డబ్బా ముందే చెప్పింది, నాకే తట్టలేదు.

నిజంగా బాధపెట్టింది అత్తమ్మ కుట్టుమిషను. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన నల్లటి తొక్కుడు మిషను, నలభై ఏళ్లుగా హనుమకొండలో చుక్క తుప్పు లేకుండా తిరిగింది. దాన్ని నేనే బాల్కనీ తలుపు పక్కన వేశాను, వెలుతురుంటుంది, సముద్రం చూస్తూ కుట్టుకుంటుందని. ఏడాది తిరిగేసరికి చక్రం మీది మెరుపు పోయి వేలు పెడితే ఎర్రటి పొడి అంటేది. ఆమె నన్నొక్క మాట అనలేదు. ఒకరోజు తనే పాత దుప్పటి కప్పి, లోపలి గదిలోకి జరిపించుకుంది.

ఇంక ఏసీ కథ. ఊరి నుంచి కూలర్ తెచ్చుకున్నాం. వరంగల్ ఎండలో ఆ కూలర్ దేవుడు. ఇక్కడ దాన్ని వేస్తే గదిలో ఆవిరి కుడుము పెట్టినట్టయ్యేది. కూలర్ నీళ్లను గాలిలోకి ఆవిరి చేసి చల్లబరుస్తుంది. గాలే తడిగా ఉన్నచోట ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? ఎండ మావూళ్లో కంటే తక్కువే, చెమట మాత్రం మూడింతలు. 2023 మార్చిలో ఏసీ కొన్నాం. బయటి యూనిట్ ఎక్కడ పెట్టాలని బిగించే కుర్రాళ్లు అడిగితే, పైపు తక్కువ పడుతుంది, బాల్కనీ గోడకే పెట్టేయండన్నాం. వాళ్లూ పెట్టేశారు. ఎవరూ ఏమీ అనలేదు.

పద్నాలుగు నెలలు బాగా పనిచేసింది. 2024 మేలో ఒక మధ్యాహ్నం ఫ్యాన్ తిరుగుతోంది, చల్లదనం లేదు. అత్తమ్మకు బీపీ. ఆ రాత్రి ఆమెను నేల మీద తడిగుడ్డ పరిచి పడుకోబెట్టాం. కంపెనీ మనిషి నాలుగో రోజు వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు, తుప్పు వారంటీలోకి రాదని కాగితం మీద రాసిచ్చి వెళ్లాడు. కంపెనీ పేరు అనవసరం. ఏ కంపెనీ కాగితమైనా కింద చిన్నక్షరాలు ఒకసారి చదువుకోండి.

తర్వాత కింది ముసలమ్మ తనకు తెలిసిన మెకానిక్‌ను పిలిపించింది. యాభై దాటిన మనిషి. వచ్చీరాగానే బాల్కనీలోకి వెళ్లి, ఏసీ వైపు కాదు, సముద్రం వైపు చూశాడు. "ఎవులు పెట్టినారమ్మా దీన్నిక్కడ?" అన్నాడు. మరలు విప్పుదామంటే మర తలలే లేవు, ఉలితో కొట్టి తీశాడు. వెనకున్న అల్యూమినియం రేకులు చూపించి "ముట్టుకోండి" అన్నాడు. వేలు ఆనించాను. వేయించిన అప్పడంలా పొడై రాలిపోయాయి. వాటి మధ్య రాగి గొట్టానికి ఆకుపచ్చటి చిలుం, ఒకచోట సూదిమొనంత బెజ్జం. గ్యాస్ అక్కణ్ణుంచే పోయింది.

"ఉప్పు తినీసిందమ్మా" అన్నాడు. ఏసీ ఉప్పు తిన్నదంటున్నాడా, ఉప్పే ఏసీని తిన్నదంటున్నాడా అని మావారు ఆ కష్టంలో కూడా నవ్వారు.

అతను గోడకి చేరగిలబడి, ఇచ్చిన టీ తాగుతూ వివరంగా చెప్పాడు. అల విరిగినప్పుడల్లా సన్నటి తుంపర లేస్తుంది, నీరు ఆరి ఉప్పు గాలిలో తేలుతూ వస్తుంది. ఎదురుగా ఏది ఉంటే దాని మీద కూర్చుంటుంది. ఊరికే కూర్చుంటే ఫరవాలేదు, గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే నీరుకారుతుంది (శాతం లెక్క నేను తర్వాత తెలుసుకున్నది, మా ఉప్పు డబ్బా కథంతా ఇదే). రాగీ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకే చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం కరిగిపోవడం మొదలవుతుంది, చిన్న బ్యాటరీలాగ. పైగా బయటి యూనిట్‌లో ఫ్యానుంది కదా, అది రోజంతా ఆ గాలిని తనే లాక్కుని రేకుల మీద పోసుకుంటుంది. "పదిహేను రోజులకోపాలి మంచినీళ్లతో కడిగీవాల" అన్నాడు. అంతే మందు.

అప్పుడు నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ మందు నేను రెండేళ్లుగా రోజూ చూస్తున్నాను. జాలరిపేటలో వేట నుంచి వచ్చాక పడవ మోటారును విప్పి భుజాన వేసుకుని మోసుకొస్తారు. మంచినీళ్ల డ్రమ్ములో ముంచి కాసేపు నడిపిస్తారు. డ్రమ్ములో నీళ్లు గుడగుడలాడుతుంటే మా బిడ్డ ఆగి చూసేది. వేడెక్కిన ఇంజిన్ చల్లార్చుతున్నారేమో అనుకున్నాను. లోపలి ఉప్పు కడుగుతున్నారు. వందసార్లు చూశాను, ఒక్కసారి అడగలేదు.

కొత్త యూనిట్‌ను మెకానిక్ భవనం వెనకవైపు, లిఫ్ట్ పక్క సందులో పెట్టాడు. పైపుకి ఎక్కువైంది. పూత వేసిన కాయిల్ ఉన్నదే తీసుకోమన్నాడు, తీసుకున్నాం. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం బక్కెట్టు, మగ్గు. చెప్పుకోవాల్సిన మరో మంచి సంగతి, ముసలమ్మ కిటికీలు. ఆమె ఇంట్లో ఇనుప కిటికీ ఒక్కటీ లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పాతవన్నీ చట్రాలతో సహా పోయాయట, తర్వాత అన్నీ మార్చేసింది. "ఇక్కడ ఇనుం మీద ఆశెట్టుకోకూడదమ్మా" అంది. రెండేళ్ల ముందే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు సముద్రాన్ని సూస్కోడంలో ఉన్నావు, మద్దిలో నానెందుకు" అంది.

2025 సంక్రాంతి తర్వాత ఎంవీపీ కాలనీలో లోపలి సెక్టారుకి మారాం. రైతుబజార్ దగ్గర, బిడ్డ స్కూలు దగ్గర, అత్తమ్మకు డాక్టరు దగ్గర. కొత్త తాళం పది నెలలైనా చెవికి లొంగుతోంది. తుప్పు పూర్తిగా మానిందనను, స్కూటర్‌కి ఇంకా మచ్చలు వస్తున్నాయి. కానీ అలల తుంపర ముఖాన కొట్టే చోటుకీ దీనికీ పోలికే లేదు. బాల్కనీలోంచి ఎదురింటి వాటర్ ట్యాంక్ కనిపిస్తుంది. సముద్రానికి వారం వారం నడిచి వెళ్దాం అనుకున్నాం. వెళ్లడం లేదు. నెలకోసారి, చుట్టాలొస్తే.

కాబట్టి నా తీర్పు పూర్తిగా నమ్మకండి. మేం అద్దెకున్నవాళ్లం, ఇంట్లో పెద్దావిడ ఉంది, ఏసీ ఆగితే మాకు మామూలు ఇబ్బంది కాదు. ఇద్దరే ఉండి, రెండు మూడేళ్లలో ఊరు మారిపోయేవాళ్లకైతే సముద్రం ఎదుటి ఇల్లే తీసుకోమంటాను, నాలుగు వేలు ఎక్కువైనా సరే. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మాత్రం ఓనరు బాల్కనీ తలుపు తీసి సముద్రం చూపిస్తుంటే, మీరు ఆ తలుపు బందులు చూడండి. కొత్త పెయింట్ కనిపిస్తే గోరుతో ఒకసారి గీకండి. పక్క ఫ్లాట్‌వాళ్ల ఏసీలు ఏ గోడకి ఉన్నాయో చూడండి, అవన్నీ వెనకవైపే ఉన్నాయంటే కారణం ఉంది. అలలు విరిగే చోటు నుంచి వెనక్కి పోయేకొద్దీ ఉప్పు తగ్గుతుంది. రెండు మూడు వీధులు వెనకున్నా తేడా తెలుస్తుంది.

మా బిడ్డ ఇంకా నన్ను క్షమించలేదు. డైరీలో ఓడల లెక్క జనవరి 19 దగ్గర ఆగిపోయింది, తొమ్మిది. మొన్న అటువైపు వెళ్తే మా పాత ఫ్లాట్‌కి టు-లెట్ బోర్డు వేలాడుతోంది. అది స్కూటర్ వెనక నుంచి నా భుజం గిల్లింది. బోర్డు కట్టిన తీగ అప్పటికే ఎర్రబడింది.