అన్నం, బెండకాయ, రొయ్యలు: చార్ల్‌స్టన్ నుంచి న్యూ ఓర్లీన్స్ దాకా

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా, న్యూయార్క్, వేగస్ తిప్పి పంపడం ఇక్కడ మనవాళ్లందరికీ అలవాటు. మేముండేది అట్లాంటా శివార్లలో. ఇంత దగ్గరలో ఉన్న దక్షిణాది ఊళ్లని వదిలేసి ఎక్కడికో విమానాలెక్కడం ఎందుకని ఈసారి చార్ల్‌స్టన్, సవన్నా కారులో చూపించాం, తర్వాత న్యూ ఓర్లీన్స్‌కి రైల్లో వెళ్లాం. నాన్నకి చేపలు, రొయ్యలు ఉంటే చాలు. అమ్మ పూర్తి శాకాహారి. ఇద్దరూ కోనసీమ వాళ్లు, వరిచేల మధ్య పెరిగినవాళ్లు. ఆ సంగతి ఈ యాత్రలో ఇంత అక్కరకొస్తుందని ముందు తెలియదు. ఎందుకంటే ఈ మూడు ఊళ్ల వంటకీ అన్నమే ఆధారం. ఆ అన్నం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకుంటూ తిరిగితే భవనాలు, తోటలు, మ్యూజియాలు అన్నీ ఒకే కథలో భాగంగా కనిపిస్తాయి.

చార్ల్‌స్టన్ 1670లో మొదలైన ఊరు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. రెయిన్‌బో రో అనే చోట 13 ఇళ్లు వరసగా లేత రంగుల్లో ఉంటాయి, అందరూ అక్కడ ఫొటోలు దిగుతారు. పది నిమిషాలు చాలు. అసలు చూడాల్సింది ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. 2023 జూన్‌లో తెరిచారు. అది కట్టిన చోటు గాడ్స్‌డెన్స్ వార్ఫ్, అంటే ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషుల్ని ఓడల్లోంచి దించిన రేవు. ఆ నేల మీద గోడలు లేపకూడదని భవనం మొత్తాన్ని 18 స్తంభాల మీద, నేలకి 13 అడుగుల ఎత్తులో నిలబెట్టారు. కింద నీళ్లు నిండుతూ ఖాళీ అవుతూ ఉండే ఒక తొట్టి ఉంది. దాని అడుగున ఓడలో పక్కపక్కనే పడుకోబెట్టిన మనుషుల ఆకారాలు చెక్కారు. నీళ్లు తగ్గేకొద్దీ ఆ ఆకారాలు పైకి తేలతాయి. నాన్న అక్కడే చాలాసేపు నిలబడిపోయారు. టికెట్ టైమ్ ప్రకారం ఇస్తారు కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, లోపల కనీసం మూడు గంటలు పెట్టుకోండి. పిల్లలుంటే వాళ్లకి ముందుగా కొంచెం చెప్పి తీసుకెళ్లడం మంచిది.

ఈ తీరంలో వరి పండించడం తెల్ల దొరలకి తెలిసిన విద్య కాదు. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండించే ప్రాంతాల వాళ్లని బానిసలుగా తెచ్చి, వాళ్ల చేత చిత్తడి అడవులు నరికించి, గట్లు పోయించి, తూములు కట్టించారు. సముద్రపు పోటుకి నది నీరు పైకి ఎగదన్నినప్పుడు చేలకి పెట్టడం, ఆటుకి తీసేయడం, ఇదీ పద్ధతి. కెరోలినా గోల్డ్ అనే వరి రకంతో ఇక్కడి దొరలు కోటీశ్వరులయ్యారు. అంతర్యుద్ధంలో బానిసత్వం పోయాక ఆ సాగు నిలబడలేదు, తుపాన్లు మిగిలింది తుడిచేశాయి. 1980ల్లో మళ్లీ విత్తనం వెతికి పండించారు. ఇప్పుడు ఊళ్లోని మంచి హోటళ్లలో ఆ బియ్యం పేరు మెనూలో కనిపిస్తుంది.

సిటీ మార్కెట్‌లో అమ్మ ఎక్కువసేపు గడిపింది. ఈ తీరంలో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్ల వారసులైన గల్లా జాతి ఆడవాళ్లు అక్కడ స్వీట్‌గ్రాస్ బుట్టలు అల్లుతూ అమ్ముతారు. గడ్డిపరకల్ని, ఎండిన పైన్ ఆకుల్ని తాడులా కూడగట్టి, చుట్టు మీద చుట్టు వేస్తూ పల్మెటో అనే తాటిజాతి చెట్టు ఆకు చీలికతో బిగిస్తారు. కన్నం పొడవడానికి చెంచా కాడని అరగదీసి చేసుకున్న పనిముట్టు వాడతారు. అక్కడొక పెద్దావిడ మాతో మాట్లాడుతూనే ఉంది, వేళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. పక్కన ఒక వెడల్పాటి పళ్లెం లాంటి బుట్ట ఉంటే అమ్మ చేతిలోకి తీసుకుని, అడక్కుండానే చెరిగినట్టు ఎగరేసింది. ఆవిడ అల్లడం ఆపి నవ్వింది. బానిసల కాలంలో వడ్లు చెరగడానికి ఈ బుట్టలే వాడారని, వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పింది. చిన్నవి కూడా పదుల డాలర్లుంటాయి, పెద్దవి వందల్లోకి పోతాయి. చేతిపని చూస్తే అది ఎక్కువ అనిపించలేదు. బేరం ఆడొద్దు, ఫొటో తీసేముందు అడగండి.

తిండి విషయానికొస్తే ష్రింప్ అండ్ గ్రిట్స్ ఇక్కడ తప్పక తినాలి. మొక్కజొన్న రవ్వని వెన్న వేసి మెత్తగా ఉడికించి, మీద రొయ్యల కూర వేస్తారు. పాత ఊళ్లోని ఖరీదైన చోట ఒకసారి, నార్త్ చార్ల్‌స్టన్‌లోని బర్తాస్ కిచెన్‌లో ఒకసారి తిన్నాం. మొదటి చోట రొయ్యలు బాగున్నాయి. రెండో చోట మాత్రం ఏది తిన్నా బాగుంది: టమాటాతో వండే ఎర్రన్నం, బెండకాయ సూప్, వేపుడు చికెన్. ఇది ఒక కుటుంబం నడిపే మామూలు హోటల్. ట్రేలో వడ్డించి ఇస్తారు. 2017లో దీనికి అమెరికా వంటల రంగంలో పేరున్న జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. నాన్న బెండకాయ సూప్ రెండోసారి అడిగి తెచ్చుకున్నారు. అందులో మాంసం ఉంటుంది, శాకాహారులు గమనించాలి.

బస మాత్రం చార్ల్‌స్టన్‌లో మంట. పాత ఊళ్లో ఒక పేరున్న హోటల్‌లో మొదటి రాత్రి ఉంటే గది అద్దె కాక పార్కింగ్‌కి, ఇంకేవో ఫీజులకి విడిగా వేశారు. బుకింగ్ పేజీలో అవి చిన్న అక్షరాల్లో ఉంటాయి, మొత్తం ఎంతో చూసుకుని కార్డు నంబరివ్వండి. తర్వాత వంతెన అవతల మౌంట్ ప్లెజెంట్‌కి మారాం. చిన్న వంటగది ఉన్న గది, దాదాపు సగం ధర. అమ్మకి అన్నం, పప్పు వండుకునే వీలు దొరికింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా సలహా ఇదే: అందమైన బాల్కనీ కన్నా ఒక స్టవ్ ఎక్కువ పనికొస్తుంది.

సవన్నా రెండు గంటల దూరం. 1733లో జార్జియా వలసని స్థాపించిన ఓగల్‌థోర్ప్ గీసిన ప్లాన్ ప్రకారం కట్టిన ఊరు, 24 చౌరస్తా పార్కుల్లో 22 ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి రెండు వీధులకీ ఒక పార్కు, అందులో బెంచీలు, పైన ఓక్ కొమ్మల నుంచి వేలాడే స్పానిష్ మాస్. అది నిజానికి నాచు కాదు, అనాస కుటుంబపు మొక్క. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఈ మూడింటిలో ఇదే సుఖమైన ఊరు. నడిచి, కూర్చుని, మళ్లీ నడవొచ్చు. డాట్ అనే షటిల్ బస్సులు ఉచితం, నది దాటే ఫెర్రీ కూడా ఉచితం. రివర్ స్ట్రీట్‌కి దిగే రాతిమెట్లు మాత్రం నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. సిటీ హాల్ పక్కన లిఫ్ట్ ఉంది, అందులో దిగండి. దెయ్యాల టూర్లు వీధికొకటి అమ్ముతారు, మాకు అక్కర్లేదనిపించింది.

మిసెస్ విల్క్స్ డైనింగ్ రూమ్ అనే హోటల్ కోసం క్యూలో నిలబడ్డాం. రిజర్వేషన్లు లేవు, వారాంతంలో తెరవరు, మధ్యాహ్నం భోజనం ఒక్కటే. ముక్కూమొహం తెలియని పదిమందిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టేస్తారు. వేపుడు చికెన్, బిస్కెట్లని పిలిచే మెత్తటి రొట్టెలు, చిలగడదుంప, కొలార్డ్ ఆకుకూర, అన్నం, బీన్స్. పక్కవాళ్లకి అందిస్తూ మనం తినాలి. తిన్నాక కంచం మనమే వంటింటి దగ్గరికి తీసుకెళ్లివ్వాలి. నాన్న ఎదురుగా కూర్చున్న అలబామా రైతుతో వర్షాల గురించి, ఎరువుల ధరల గురించి అరగంట మాట్లాడారు. నేను మధ్యలో అనువాదం చేస్తూ నా చికెన్ చల్లారబెట్టుకున్నా. ఎండలో గంటన్నర నిలబడటం పెద్దవాళ్లకి కష్టమే. ఒకరు క్యూలో ఉండి మిగతావాళ్లు పక్క పార్కులో కూర్చోవడం మేలు.

న్యూ ఓర్లీన్స్‌కి అట్లాంటా నుంచి క్రెసెంట్ రైలు పగలంతా నడుస్తుంది. కారులో ఏడు గంటల దారి, రైల్లో పన్నెండు. తొందరున్నవాళ్లకి ఇది కాదు. కాని చివర్లో పాంచట్రేన్ సరస్సు మీద దాదాపు ఆరు మైళ్ల వంతెన దాటుతుంటే కిటికీకి రెండు పక్కలా నీళ్లే. అమ్మానాన్నలకి అదే బాగా నచ్చింది.

ఒక్క ఊరికే సెలవు దొరికిందంటే న్యూ ఓర్లీన్స్‌కే వెళ్లమంటాను. 1718లో ఫ్రెంచివాళ్లు కట్టారు, తర్వాత స్పెయిన్ ఏలింది, 1803లో అమెరికా కొన్నది. 1788, 1794లో అగ్నిప్రమాదాలు జరిగి ఊరు కాలిపోయాక స్పానిష్ హయాంలో మళ్లీ కట్టారు. పాత ఊరైన ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఇప్పుడు కనిపించే పాత కట్టడాల్లో చాలావరకు ఆ కాలపు తీరువే. బర్బన్ స్ట్రీట్ దగ్గర బస తీసుకోవద్దు, రాత్రి రెండింటికీ గోల తగ్గదు. మేం సెయింట్ చార్ల్స్ ట్రామ్ దారిలో, గార్డెన్ డిస్ట్రిక్ట్ వైపు ఉన్నాం. ఈ లైన్ 1835 నుంచి నడుస్తోంది. ఇప్పటి ఆకుపచ్చ పెట్టెలు 1920ల నాటివి, ఏసీ ఉండదు, కిటికీ పైకి లాగితే గాలి. టికెట్ 1.25 డాలర్లు. చివరి స్టాపులో చెక్క సీట్ల వీపుల్ని అటునుంచి ఇటు తోసేస్తే సీట్లన్నీ తిరుగు దిశకి మళ్లుతాయి. నాన్న ఆ పని తనమీద వేసుకున్నారు. పేవ్‌మెంట్లు మాత్రం ఓక్ వేళ్లకి పగిలిపోయి ఉంటాయి, చీకట్లో చూసి నడవాలి.

ఇక గంబో, అంటే ఇక్కడి చిక్కటి పులుసు. ఆఫ్రికా నుంచి వచ్చిన బెండకాయ, ఇక్కడి మూలవాసులైన చాక్టా తెగవాళ్లు వాడిన ససాఫ్రాస్ చెట్టు ఆకుపొడి, పులుసు చిక్కబడటానికి ఫ్రెంచివాళ్లు వేసే రూ, అన్నీ ఒక గిన్నెలో పడి, చివర అన్నం మీద వస్తాయి. ఒక వంట క్లాసులో కూర్చుని రూ చేయడం చూశాం. నూనెలో మైదా వేసి సన్నసెగ మీద అరగంటకి పైగా కలుపుతూనే ఉండాలి. తెల్లగా మొదలై, వేరుశనగ రంగుకొచ్చి, చివరికి చాక్లెట్ రంగు. పోపు మాడినట్టే, ఒక్క నల్ల చుక్క కనిపించినా మొత్తం పారబోయాల్సిందే. ఆ రంగు కుదిరిన క్షణంలో ఉల్లి, సెలరీ, బెల్ పెప్పర్ వేస్తే చుయ్యిమంటుంది, గది నిండా వాసన. క్లాసుకి పెట్టిన డబ్బు ఏ పెద్ద రెస్టారెంట్ బిల్లు కన్నా ఎక్కువ ఇచ్చింది.

గంబో తినడానికి డూకీ చేజ్‌కి వెళ్లాం, 1941 నుంచి ఉంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకచోట కూర్చుని తినడం నేరమైన రోజుల్లో పౌరహక్కుల ఉద్యమ నాయకులు పై అంతస్తులో సమావేశమయ్యేవారు. వంట చూసుకున్న లియా చేజ్ 2019లో పోయారు. ఒబామా గంబోలో హాట్ సాస్ పోసుకుంటే ఆవిడ మందలించిన సంగతి ఊరంతా చెబుతారు. నేనైతే ముట్టుకోలేదు. గోడల నిండా నల్లజాతి చిత్రకారుల బొమ్మలుంటాయి, కడుపు నిండాక లేచి తిరిగి చూడండి.

కఫే డు మోండ్ 1862 నాటిది. చికోరీ కాఫీ, మూడేసి బెన్యేలు (నూనెలో వేయించిన పిండి ముక్కలు), మీద గుట్టగా పంచదార పొడి. కాఫీ నోట పెట్టగానే అమ్మ మొహం వెలిగింది, అమెరికా వచ్చాక మొదటిసారి కాఫీని కాఫీ అంది. నల్ల బట్టలు వేసుకెళ్లొద్దు.

సంగీతం కోసం ప్రిజర్వేషన్ హాల్. బార్ ఉండదు, ముప్పావు గంట జాజ్, బెంచీలు కొన్నే. పెద్దవాళ్లకి సీటున్న టికెట్ తీసుకోండి. విట్నీ ప్లాంటేషన్ ఊరికి గంట దూరం. మిగతా చెరకు ఎస్టేట్లు దొరల మేడలు చూపిస్తే, 2014లో తెరిచిన ఈ చోట బానిసల గుడిసెలు, వాళ్ల పేర్లు చెక్కిన గోడలు చూపిస్తారు. ఒక్క ఎస్టేటుకే సమయముంటే దీనికే వెళ్లండి. రెండో ప్రపంచయుద్ధ మ్యూజియం చాలా పెద్దది, ఆసక్తి ఉంటే రోజు పడుతుంది, లేకపోతే వదిలేయొచ్చు.

శాకాహారులకి ఒక మాట. ఆకుకూరలో, బీన్స్‌లో పంది మాంసం వేసి ఉడికించడం ఇక్కడ మామూలు. అన్నం కూడా కొన్నిచోట్ల కోడి రసంలో వండుతారు. "మాంసం లేదు కదా" అని అడిగితే ముక్కలు లేవనే చెబుతారు. "దేంట్లో ఉడికించారు" అని అడగాలి. న్యూ ఓర్లీన్స్‌లో సోమవారం రెడ్ బీన్స్ అన్నం వండటం ఆనవాయితీ, అందులోనూ సాసేజ్ ఉంటుంది. అమ్మ కోసం చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లాం. బెండకాయలు ఏ సూపర్ మార్కెట్లోనైనా లేతవి దొరికాయి.

వెళ్లడానికి మార్చి, ఏప్రిల్ బాగుంటాయి. రొయ్యలాంటి మంచినీటి క్రాఫిష్ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. మార్డిగ్రా అనే ఊరేగింపుల పండగ వారంలో, ఏప్రిల్ చివర జాజ్ ఫెస్టివల్ రోజుల్లో న్యూ ఓర్లీన్స్ గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం, ఆగస్టులో గదులు చౌకే కాని ఉక్క కాకినాడని మరిపిస్తుంది. అప్పుడే వెళ్లాల్సి వస్తే డబ్బు వెనక్కిచ్చే బుకింగ్ మాత్రమే చేసుకోండి.